పెదనాన్న కెమెరా, ట్యాంకు నీళ్లు, పాడైన మూడు రీళ్లు

ప్రశ్న: మాది హైదరాబాద్‌లోని నిజాంపేట, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా పెదనాన్న వాడిన పెంటాక్స్ కె1000 కెమెరా నిరుడు నా చేతికి వచ్చింది. నలుపు-తెలుపు రీళ్లు కొని, ఇంట్లోనే కడుగుదామని ట్యాంకు, బొమ్మను బయటికి తెచ్చే డి-76 డెవలపర్ పొడి, దాన్ని నిలిపే ఫిక్సర్ తెప్పించాను. మూడు రీళ్లు కడిగితే మూడూ పాడయ్యాయి. మొదటిది మొత్తం ఖాళీ. అంచున అంకెలు, కంపెనీ పేరు తప్ప ఏమీ లేదు. రెండోది మే నెలలో కడిగాను. డెవలపర్‌ను ఐసుతో చల్లబరిచి, మిగతాదంతా కుళాయి నీళ్లతో కానిచ్చాను. బొమ్మలు వచ్చాయి గానీ ఇసుక చల్లినట్టున్నాయి. మూడోదాని మీద గుండ్రటి చుక్కలు, నెలవంకల్లాంటి గుర్తులు, ఆరాక తెల్లటి మరకలు. ఫోన్‌తో క్షణంలో అయ్యే పనికి ఈ తిప్పలేమిటని ఇంట్లో అడుగుతున్నారు. నాలుగేళ్ల పాప ఉంది, రసాయనాలంటే మా ఆవిడకు భయం. కెమెరా సంచిలో పెదనాన్న తీసి కడిగించకుండా వదిలేసిన ‘ఇందు’ బ్రాండు నలుపు-తెలుపు రీలు ఒకటి దొరికింది. అదీ నేనే కడగాలని ఉంది. ముందుకు వెళ్లమంటారా?

సమాధానం: వెళ్లండి. ఆ ఇందు రీలును మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి, దాని సంగతి చివర్లో చెబుతాం. పాడైన మూడు రీళ్లనూ పారేయకండి. ఏ పొరపాటు ఎక్కడ జరిగిందో నెగటివ్ మీదే గుర్తు పడుతుంది. చూసింది చూసినట్టు రాశారు కాబట్టి మూడింటి జబ్బూ ఇక్కడి నుంచే చెప్పవచ్చు. మూడింటిలో రెండు రీళ్లు పాడవడానికి ముఖ్య కారణం మన ఊరి ఎండ, మన ఊరి నీళ్లు.

మొదటి రీలు. అంచున అంకెలు, పేరు నల్లగా స్పష్టంగా కనిపిస్తున్నాయంటే డెవలపర్ తన పని చేసినట్టే. ఆ అక్షరాలు ఫ్యాక్టరీలోనే వెలుతురుతో అచ్చువేసినవి, డెవలపర్ తగిలితేనే బయటపడతాయి. అవి కూడా లేకుండా ఫిల్మ్ గాజులా ఉంటే డెవలపర్ చచ్చిపోయిందనో, పొరపాటున ముందు ఫిక్సర్ పోశారనో అర్థం. మీ విషయంలో అక్షరాలున్నాయి, బొమ్మలు లేవు. అంటే ఫిల్మ్ మీద వెలుతురు పడనే లేదు. నూటికి తొంభై సార్లు దీనికి కారణం ఒక్కటే: ఫిల్మ్ కొస, దాన్ని చుట్టుకునే టేకప్ స్పూల్ గాడిలోంచి జారిపోయింది. మీరు లీవరు తిప్పుతూనే ఉన్నారు, లెక్క చూపే అంకె కదులుతూనే ఉంది, రీలు మాత్రం డబ్బాలో కదలకుండా కూర్చుంది.

కె1000లో దీన్ని పట్టుకోవడం తేలిక. కొసను స్పూల్ గాడిలో దూర్చి, కింద పళ్లచక్రం రంధ్రాల్లో పడేదాకా ఒకసారి లీవరు తిప్పి చూశాకే వెనక తలుపు మూయండి. తర్వాత ఎడమవైపు రివైండ్ పిడి మడత విప్పి, బాణం గుర్తు వైపు మెల్లగా, కొంచెం బిగుసుకునేదాకా తిప్పండి. లోపలి వదులు పోతుంది. ఇప్పుడు లీవరు తిప్పుతుంటే ఆ పిడి దానంతట అది వెనక్కి తిరగాలి. తిరిగితే ఫిల్మ్ నడుస్తున్నట్టు. తిరగకపోతే అక్కడే ఆగి తలుపు తెరవండి, పోయేది కొస ముక్క మాత్రమే. ప్రతి రీలుకూ మొదటి రెండు మూడు ఫ్రేముల దాకా కన్ను ఆ పిడి మీదే ఉండాలి.

కెమెరా గురించి ఇంకో రెండు మాటలు. కె1000 షట్టర్‌కు బ్యాటరీ అక్కర్లేదు, లోపలి వెలుతురు మీటరుకే కావాలి. ఎల్ఆర్44 వేసినా పని చేస్తుంది గానీ వాడేకొద్దీ దాని వోల్టేజి తగ్గిపోయి మీటరు తప్పు చెబుతుంది. ఎస్ఆర్44 వేయండి, అది చివరిదాకా నిలకడగా ఉంటుంది. ఈ మీటరుకు ఆపే మీట లేదు. వాడనప్పుడు లెన్సుకు మూత పెట్టకపోతే బ్యాటరీ ఊరికే అయిపోతుంది. వెనక తలుపు అంచుల్లో నల్లటి స్పాంజి పట్టీ ఉంటుంది, ఇన్నేళ్లకు అది తారులా జిగటగా మారి ఉంటుంది. అగ్గిపుల్ల మొనతో గీకి చూడండి. అంటుకుంటుంటే దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి తీసేయండి, ఒక్క ముక్క కూడా షట్టర్ తెర మీద పడకూడదు. ఆ గాడిలో నల్లటి ఊలు దారం బిగుతుగా అమర్చినా వెలుతురు ఆగుతుంది. షట్టరే మొరాయిస్తే సొంత వైద్యం వద్దు, కోఠి చుట్టుపక్కల కెమెరా దుకాణాల్లో అడిగితే పాత మెకానిక్కుల ఆచూకీ దొరుకుతుంది.

ఇక రెండో రీలు. మే నెలలో మేడ మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. మీరు డెవలపర్‌ను 20 డిగ్రీలకు చల్లబరిచారు, ఆ తర్వాత అదే ఫిల్మ్ మీద ఏ 38 డిగ్రీల నీళ్లో పోశారు. ఫిల్మ్ మీద బొమ్మ ఉండేది జెలటిన్ పొరలో. చల్లటి నీళ్లలో అది బిగుసుకుంటుంది, వేడి నీళ్లలో ఉబ్బుతుంది. ఒక్కసారిగా ఇటు నుంచి అటు వెళితే పొర ముడతలు పడుతుంది. ఇప్పటి ఫిల్ములు గట్టివి కాబట్టి పూర్తిగా చిట్లిపోవు, కానీ బొమ్మలోని వెండి గింజ గరుకై మీరు చెప్పిన ఇసుక కనిపిస్తుంది. పైగా 30 దాటిన నీళ్లలో ఆ పొర మెత్తబడి, గోరు తగిలినా గీత పడుతుంది.

పుస్తకాలన్నీ 20 డిగ్రీలంటాయి. అవి చలి దేశాల్లో రాసినవి. హైదరాబాద్‌లో 20 కోసం పాకులాడితే ఒక్క డెవలపర్ మాత్రం 20లో ఉంటుంది, మిగతా నీళ్లన్నీ ఇంకెక్కడో ఉంటాయి. మా మాట వినండి: 24 డిగ్రీలు పెట్టుకోండి, అన్నిటికీ అదే పెట్టుకోండి. డెవలపర్, మధ్యలో పోసే నీళ్లు, హైపో (అంటే ఫిక్సర్), చివరి కడుగుడు, అన్నీ ఒకదానికొకటి రెండు డిగ్రీల తేడాలోపే ఉండాలి. ఉష్ణోగ్రత పెరిగితే డెవలపర్ వేగం పెరుగుతుంది, కాబట్టి సమయం తగ్గించాలి. కొడాక్ ట్రై-ఎక్స్ 400 రీలును డి-76లో సగం నీళ్లు కలిపి కడిగితే 20 డిగ్రీల దగ్గర 9 నిమిషాల 45 సెకన్లు, 24 దగ్గర ఏడున్నర నిమిషాలు. ఇల్‌ఫోర్డ్ హెచ్‌పి5 ప్లస్‌కు అదే కలుపులో 20 దగ్గర 11 నిమిషాలు, 24కు వచ్చేసరికి ఏడున్నర, ఎనిమిది మధ్య. నీళ్లు కలపకుండా చిక్కగా వాడితే 24 దగ్గర సమయం ఐదు నిమిషాలకు జారిపోతుంది. అంత తక్కువలో పోయడానికీ పారబోయడానికీ పట్టే అర నిమిషమే పెద్ద తేడా చేసి, బొమ్మ మీద చారలు పడతాయి. మన వేడికి సగం నీళ్ల కలుపే మంచిదనడానికి కారణం ఇదే.

24కు తీసుకురావడం ఎలా? వేసవిలో మీ ఇంట్లో రంజన్ ఉంటే సగం పని అయిపోయినట్టే. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మట్టికుండ గోడల్లోంచి నీరు ఆవిరై లోపలి నీళ్లు బాగా చల్లబడతాయి. రాత్రి నింపి పొద్దున్నే థర్మామీటరు పెట్టి చూడండి, మీకు కావలసిన అంకెకు దగ్గరలోనే ఉంటుంది. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువై కుండ పని చేయదు, కానీ అప్పుడు కుళాయి నీళ్లే అంత వేడిగా ఉండవు. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున నీళ్లకు ఏ తంటా లేదు. స్నానాల గదిలో ఒక పెద్ద టబ్బులో 24 డిగ్రీల నీళ్లు నింపి, డెవలపర్ మగ్గు, హైపో సీసా, కడగడానికి నాలుగు లీటర్ల నీళ్లు, ట్యాంకు అన్నీ అరగంట ముందే అందులో నిలబెట్టండి. వేడెక్కుతుంటే ఐసు టబ్బులో వేయండి, డెవలపర్‌లో కాదు. డెవలపర్‌లో వేస్తే ఐసు కరిగినకొద్దీ కలుపు లెక్క మారిపోతుంది. వంటింటి థర్మామీటరు నడుస్తుంది, కానీ అన్నిటికీ అదొక్కటే వాడండి. అది ఒక డిగ్రీ తప్పు చూపినా అన్నిచోట్లా ఒకే తప్పు చూపుతుంది, దానికి అలవాటు పడవచ్చు.

మూడో రీలు మీద మూడు రకాల గుర్తులు, మూడింటికీ వేర్వేరు కారణాలు. నెలవంకలు రీలును ట్యాంకు లోపలి ప్లాస్టిక్ స్పూల్‌కు ఎక్కించేటప్పుడు పడ్డవి. ఫిల్మ్ వేళ్ల మధ్య మడతపడ్డ చోట ఆ ఒత్తిడికే నల్లటి అర్ధచంద్రం వస్తుంది. ఫిల్మ్ ఎందుకు మొండికేసింది? వెలుతురు చొరని నల్లసంచిలో చేతులు పెట్టి పది నిమిషాలుంటే మన ఎండలకు చెమట పడుతుంది, ఆ తేమకు ఫిల్మ్ ప్లాస్టిక్ స్పూల్‌కు అతుక్కుంటుంది, అతుక్కున్నదాన్ని తోస్తే మడతపడుతుంది. ఏసీ గదిలోనో, రాత్రి పది తర్వాతో ఎక్కించండి. ముందురోజు కడిగిన స్పూల్ పూర్తిగా ఆరిందో లేదో చూడండి, ఫిల్మ్‌ను పట్టి లాగే చిన్న బంతుల దగ్గర ఒక్క నీటిబొట్టు చాలు, అక్కడే ఇరుక్కుంటుంది. ఫిల్మ్ కొసను వెలుతురులోనే కత్తిరించి, రెండు మూలలూ కత్తెరతో గుండ్రంగా చేయండి. మధ్యలో ఇరుక్కుంటే బలవంతం వద్దు. ఫిల్మ్‌ను ట్యాంకులో వదిలి, మూత బిగించి, చేతులు బయటకు తీసి ఆరబెట్టుకుని మళ్లీ మొదలుపెట్టండి. మీ ఖాళీ రీలు ఉంది కదా, దానికి ఇప్పుడు మంచి ఉపయోగం దొరికింది. దాన్నే కళ్లు మూసుకుని పది సార్లు ఎక్కించి దించండి. పదకొండోసారికి వేళ్లకు దారి తెలుస్తుంది.

గుండ్రటి చుక్కలు గాలి బుడగలవి. బుడగ ఫిల్మ్‌ను పట్టుకుని కూర్చున్న చోటికి డెవలపర్ చేరదు, నెగటివ్ మీద అక్కడ పల్చటి చుక్క, బొమ్మలో నల్లచుక్క. డెవలపర్ పోసిన వెంటనే ట్యాంకును గట్టి బల్ల మీద రెండు మూడు సార్లు తట్టండి. తలకిందులు చేసిన ప్రతిసారీ మళ్లీ తట్టండి. చుక్కలు పోతాయి.

తెల్లటి మరకలు బోరు నీళ్లవి. మీ వైపు చాలా అపార్ట్‌మెంట్లలో కుళాయిలో వచ్చేది బోరు నీళ్లూ ట్యాంకరు నీళ్లూ కలిసినవే. బకెట్ అడుగున, షవర్ రంధ్రాల్లో పేరుకునే తెల్లటి పొరే ఫిల్మ్ మీదా మిగిలింది. ఆ రీలు బాగుపడుతుంది: 24 డిగ్రీల మంచి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, చివరి నీళ్లు మార్చి మళ్లీ ఆరేయండి, చాలా మరకలు పోతాయి. చివరి నీళ్లు డిస్టిల్డ్ వాటరే కావాలి. పెట్రోలు బంకుల్లో, బ్యాటరీ దుకాణాల్లో లీటరు సీసా దొరుకుతుంది. సీసా మీద నీళ్లని ఉందా, యాసిడ్ అని ఉందా చదివి మరీ కొనండి, అక్కడ రెండూ పక్కపక్కనే పెడతారు. ఇంటి ఆర్‌ఓ నీళ్లలో తాగడానికని కొన్ని లవణాలు మిగులుస్తారు కాబట్టి అవి పూర్తి మందు కావు. 300 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో ఒకటిన్నర మిల్లీలీటరు ఫోటో-ఫ్లో (నీళ్లు బొట్లు కట్టకుండా జారిపోయేలా చేసే ద్రవం) వేసి, రీలును ఒక నిమిషం ఉంచి తీయండి. ఎక్కువ వేస్తే అదే జిడ్డు మరకవుతుంది. సిరంజితో కొలవండి, అంచనాతో వద్దు.

ఇప్పుడు నాలుగో రీలు మొదటి నుంచి చివరిదాకా ఎలా కడగాలో చూద్దాం. పాటర్సన్ రకం ట్యాంకులో ఒక 35 ఎంఎం రీలుకు 290 మిల్లీలీటర్లు పట్టాలి, 300 పోయండి. 150 డి-76 ద్రావణం, 150 డిస్టిల్డ్ వాటర్. 36 ఫ్రేముల రీలుకు 150 మిల్లీలీటర్ల అసలు డెవలపర్ కొంచెం తక్కువే, అందుకని పైన చెప్పిన సమయానికి పదో వంతు కలపండి. ట్రై-ఎక్స్‌కు 24 దగ్గర ఎనిమిదీ పావు నిమిషాలవుతుంది. మొదటి 30 సెకన్లు ఆపకుండా మెల్లగా తలకిందులు చేస్తూ, తర్వాత ప్రతి అర నిమిషానికీ ఐదు సెకన్లు. షేకర్‌లో మజ్జిగ కొట్టినట్టు ఊపితే అంచు రంధ్రాల్లోంచి ద్రావణం జోరుగా దూసుకెళ్లి, అక్కడ ఫిల్మ్ మీద చారలు పడతాయి. సమయం అయ్యే పది సెకన్ల ముందే పారబోయడం మొదలుపెట్టండి. వాడిన డెవలపర్ మళ్లీ సీసాలోకి వెళ్లకూడదు.

వెంటనే 24 డిగ్రీల నీళ్లు రెండుసార్లు నింపి పారబోయండి. కిరాణా కొట్టులో దొరికే తెల్ల వెనిగర్ ఒక పాలు, నీళ్లు రెండు పాళ్లు కలిపి అర నిమిషం పోసినా మంచిదే, డెవలపర్ అక్కడితో ఆగుతుంది, హైపో ఎక్కువకాలం వస్తుంది. తర్వాత హైపో. ఎంతసేపు అన్నదానికి గడియారం కంటే నమ్మకమైన పరీక్ష ఉంది. కత్తిరించి పక్కన పెట్టిన ఫిల్మ్ కొసను వెలుతురులోనే హైపోలో వేసి చూడండి. పాలలాంటి మసక పోయి పారదర్శకం కావడానికి ఎంత పట్టిందో, రీలును దానికి రెట్టింపు సేపు ఉంచండి. టి-మ్యాక్స్, డెల్టా ఫిల్ములకు మూడింతలు. కొత్త హైపోతో పట్టిన సమయాన్ని సీసా మీదే రాసుకోండి, అది రెండింతలైన రోజు హైపో పారబోయాల్సిన రోజు.

కడుగుడుకు కుళాయి కింద అరగంట పెట్టక్కర్లేదు. ట్యాంకర్లకు డబ్బు కట్టే ఊళ్లో అది పాపం కూడా. ట్యాంకు నింపి ఐదుసార్లు తలకిందులు చేసి పారబోయండి, మళ్లీ నింపి పదిసార్లు, మళ్లీ నింపి ఇరవైసార్లు. ఫిల్మ్‌ను గట్టిపరిచే పటిక లేని ఫిక్సర్ అయితే ఇది చాలు, లీటరు నీళ్లతో పని పూర్తవుతుంది. రీలు ఆరేయడానికి స్నానాల గదికి మించిన చోటు లేదు. ముందు రెండు మగ్గుల నీళ్లు గోడల మీద చల్లితే గాలిలో దుమ్ము దిగుతుంది. పైన ఒక బట్టల క్లిప్పు, కింద బరువుకు రెండు. ఫ్యాను వేయకండి, తలుపు మూసి మూడు గంటలు అటు వెళ్లకండి. రాత్రంతా వదిలేయకండి, జెలటిన్ అంటే బొద్దింకలకు ఇష్టం. పూర్తిగా ఆరాక ఒక్కో ముక్కలో ఆరు ఫ్రేములు ఉండేలా కత్తిరించి, పాలీప్రొపిలీన్ కవర్లలో పెట్టి, సిలికా జెల్ పొట్లంతో మూత బిగుతుగా ఉన్న డబ్బాలో దాచండి.

డి-76 పొడి దొరకనప్పుడు మీరే తూకం వేసి కలుపుకోవచ్చు, ఆ ఫార్ములాలో దాచిందేమీ లేదు. 50 డిగ్రీల డిస్టిల్డ్ వాటర్ 750 మిల్లీలీటర్లు, మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు, ఇదే వరుసలో ఒకటి కరిగాకే ఇంకొకటి, చివర మొత్తం లీటరుకు నీళ్లు. మెటాల్ ముందు వేయడానికి కారణముంది: చిక్కటి సల్ఫైట్ నీళ్లలో అది కరగదు. సల్ఫైట్ చిటికెడు ముందు వేసి, ఆ వెంటనే మెటాల్ వేస్తే అది గాలికి పాడవకుండా కరుగుతుంది. రెండు చోట్ల మనవాళ్లు పొరబడుతుంటారు. కావలసింది సల్ఫైట్, సల్ఫేట్ కాదు. బోరాక్స్ అంటే మన వెలిగారం. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ వేరు, అది ఆమ్లం, అది వేస్తే డెవలపర్ మందగిస్తుంది. తూకానికి నగల దుకాణాల్లో వాడే చిన్న డిజిటల్ త్రాసు చాలు, గ్రాములో పదో వంతు చూపాలి. కలిపిన లీటరును ఒకే సీసాలో ఉంచకుండా నాలుగు 250 మిల్లీలీటర్ల గోధుమరంగు సీసాల్లోకి మెడదాకా నింపండి. నిండు సీసాలో ఆరు నెలలు నిలుస్తుంది, సగం ఖాళీ అయితే రెండు నెలలే.

హైపో కూడా ఇంట్లో కలపవచ్చు: 250 గ్రాముల హైపో స్ఫటికాలు, 15 గ్రాముల సల్ఫైట్, నీళ్లు కలిపి మొత్తం లీటరు. ఆ స్ఫటికాలు కరిగేటప్పుడు నీళ్లలోని వేడినంతా లాగేసుకుంటాయి, సీసా పట్టుకుంటే ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంటుంది. అందుకే 45 డిగ్రీల నీళ్లతో మొదలుపెట్టాలి. ఈ సాదా హైపో నెమ్మది, పది నిమిషాలు పడుతుంది. మీరు కొన్న ర్యాపిడ్ ఫిక్సర్ ఉంటే ముందు అదే వాడండి.

మీ ఆవిడ భయం ఊరికే కొట్టిపారేసేది కాదు. నలుపు-తెలుపు రసాయనాలు ఆవిరితో ముంచెత్తే విషాలేమీ కావు గానీ, మెటాల్ కొందరి చర్మానికి పడదు, వేళ్లు దురదపెట్టి పగుళ్లొస్తాయి. నైట్రైల్ చేతొడుగులు మొదటి రోజు నుంచే వేసుకోండి, పొడి కలిపేటప్పుడు మాస్కు పెట్టుకోండి. అన్నిటికంటే పెద్ద ప్రమాదం మన ఇళ్లలో ఒక అలవాటు వల్ల వస్తుంది: కూల్‌డ్రింకు సీసాలు కడిగి నీళ్లకు వాడటం. డెవలపర్ నీళ్లలాగే కనిపిస్తుంది. దాన్ని ఎప్పుడూ, ఒక్క రాత్రికైనా, తాగే సీసాలో పోయకండి. సీసాల మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, తాళం ఉన్న అరలో పెట్టండి. కొలిచే మగ్గు, గరిట, గరాటు మళ్లీ వంటింటికి వెళ్లకూడదు. అయిపోయిన హైపోలో వెండి ఉంటుంది, దాన్ని మొక్కలకు పోయకండి. బకెట్‌లో స్టీల్ వూల్ వేసి రెండు రోజులు ఉంచితే ఇనుము కరిగి, వెండి నల్లటి మడ్డిగా దిగుతుంది. గిన్నెలు తోమే మెరిసే పీచుతో ఇది జరగదు, అది తుప్పు పట్టని ఉక్కు. పెయింటు గీకడానికి హార్డ్‌వేర్ షాపులో అమ్మే మామూలు ఇనుప పీచు కావాలి. మడ్డి వడకట్టి దాచి, మిగిలింది నీళ్లు ఎక్కువ కలిపి మురుగు కాలువలోకి వదలండి.

ఎక్స్‌పోజర్ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మీ రెండో రీలులో నీడలు కూడా ఖాళీగా ఉండే అవకాశం ఉంది. కె1000 మీటరు తాను చూసిందంతా మధ్యస్థపు బూడిదరంగు అనుకుంటుంది. చార్మినార్ సున్నపు గోడ మీదో, కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాల మీదో ఎండ పడుతుంటే అది మోసపోయి తక్కువ వెలుతురు ఇస్తుంది, నీడలో ఉన్న మనిషి మసి అయిపోతాడు. అదే ఎండలో మీ అరచేతిని మీటరుకు చూపి, అది చెప్పినదానికంటే ఒక స్టాప్ ఎక్కువ, అంటే రెట్టింపు వెలుతురు ఇవ్వండి. నడినెత్తిన ఎండ ఉంటే మీటరే అక్కర్లేదు, 400 రీలుకు లెన్సు ఎఫ్16 దగ్గర, షట్టర్ 1/500 దగ్గర సరిపోతుంది. నలుపు-తెలుపు నెగటివ్ ఎక్కువైతే ఓర్చుకుంటుంది, తక్కువైతే ఓర్చుకోదు. కొన్ని రీళ్ల పాటు ఫిల్మ్ వేగం (ఐఎస్ఓ) డయల్‌ను 400కు బదులు 200 దగ్గర పెట్టి తీయండి.

ఇంట్లోవాళ్ల ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, నాణ్యత కోసమో పొదుపు కోసమో ఐతే ఫిల్మ్ వద్దు. ఆరో నిజాం ఆస్థానంలో పనిచేసిన రాజా దీన్‌దయాళ్ ఇదే ఊళ్లో, ఇదే ఎండలో గాజుపలకల మీద బొమ్మలు తీసి కడిగించాడు. ఆయనకు అంతకంటే సులువైన దారి లేదు, మీకుంది. ఉన్నా ఇది ఎంచుకుంటున్నారంటే, వెలుతురు వెండిగా మారే ప్రతి మెట్టూ మీ చేతి మీదుగా జరగాలన్న కోరికతోనే. హైపో అయ్యాక మూత తీసి తడి రీలు కొస పైకి లాగితే, దీపానికి ఎదురుగా మీ పాప ముఖం నల్లగా, జుట్టు తెల్లగా వరుసగా వేలాడుతుంది. ఆ రోజు మీ ఆవిడనూ పాపనూ పిలిచి చూపించండి. బొమ్మలుగా మార్చడానికి ప్రస్తుతానికి ఫోనే చాలు: ట్యాబ్ తెర తెల్లగా వెలిగించి, నెగటివ్‌ను దానికి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున పట్టి తీసి, రంగులు తిరగేయండి. తెరకు ఆనించి పెడితే దాని చుక్కలు బొమ్మలో పడతాయి. నెగటివ్‌ను కాగితం మీద పెద్దదిగా అచ్చువేసే ఎన్‌లార్జర్ కొనుగోలు సంగతి పది రీళ్లు సరిగ్గా కడిగాక ఆలోచిద్దాం.

ఇక పెదనాన్న రీలు. ఇందు అంటే ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తయారు చేసినది. ఆ ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది కాబట్టి మీ రీలు వయసు తక్కువేమీ కాదు. ఇన్నేళ్ల వేడికి లోపలి బొమ్మ కొంత చెరిగిపోయి ఉంటుంది, ఫిల్మ్ మొత్తం మీద బూడిదరంగు మసక కమ్మి ఉంటుంది. పాత జెలటిన్ మెత్తన, ఫిల్మ్ చుట్ట గట్టిపడి స్పూల్‌లోకి ఒక పట్టాన వెళ్లదు. అందుకే మీ చేతికి కనీసం ఐదు రీళ్లు మచ్చ లేకుండా వచ్చేదాకా ఆగండి. దీనికి మాత్రం 24 వద్దు, జనవరిలో ఒక చల్లటి పొద్దున చూసుకుని నిజంగానే 20 డిగ్రీలకు తెండి. డి-76ను నీళ్లు కలపకుండా వాడండి, లీటరుకు 1 గ్రాము పొటాషియం బ్రోమైడ్ కలిపితే మసక కొంత తగ్గుతుంది. ఒకేసారి మొత్తం కడగకండి. నల్లసంచిలో కొస వైపు నుంచి ఒక జానెడున్నర కత్తిరించి, మిగతాది వెలుతురు చొరని డబ్బాలో మూసి, ఆ ముక్కను 8 నిమిషాలు కడిగి చూడండి. అందులో రెండు మూడు ఫ్రేములు పోవచ్చు, అవే మిగతావాటికి దారి చూపిస్తాయి. అంచు అక్షరాలు లేతగా, బొమ్మ పల్చగా ఉంటే మిగతాదానికి రెండు నిమిషాలు పెంచండి. అంతా నల్లటి మసకే అయితే సమయం పెంచకండి, బ్రోమైడ్‌ను రెట్టింపు చేయండి.

అప్పటిదాకా ఆ రీలును గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్‌తో ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. తీసిన రోజు మూడు గంటలు బయట ఉంచి, గది వేడికి వచ్చాకే డబ్బా మూత తీయండి. చల్లటి ఫిల్మ్ మీద మన గాలిలో తేమ పట్టిందంటే ఆ చుట్ట ఒకదానికొకటి అతుక్కుపోతుంది.